ముళ్ళు ముడుచుకుని కొన్న బండి

అనగనగా ఒక అడవిలో కాలిబాటలతో పాటు బండ్ల బాటలు కూడా ఉండేవి. ఆ బాటల మీద సూరమ్మ అనే ఏదుపంది బండి తోలేది. నొప్పులు మొదలైన తల్లులను వాగు అవతల ఉండే మంత్రసాని కొంగ దగ్గరికి చేర్చడం ఆమె పని.

ఒకరోజు సూరమ్మ పాత బండి మొరాయించింది. ఎంత నెట్టినా ఇక కదల్లేదు. పొరుగున ఉన్న దుప్పి గౌరికేమో నెలలు నిండుతున్నాయి. వానాకాలం దగ్గర పడుతోంది. కొత్త బండి కొనక తప్పలేదు.

ఎలుగుబంటి భల్లయ్య దుకాణంలో రెండే బండ్లు ఉన్నాయి. ఒకటి సెడాన్ కారు. పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉంటుంది. వెనక సీటు పరుపే. రెండోది క్రాసోవర్. పొట్టి బండి, కానీ ఎత్తుగా ఉంటుంది. సీటు మాత్రం కాస్త గట్టి.

సూరమ్మ ముగ్గురిని సలహా అడిగింది. నెమలి సెడానే కొనమంది. తన తోక నలగకుండా పడుతుందట. కణుజు జింక క్రాసోవరే కొనమంది. కొమ్ములకు చోటుండాలి కదా అంది. ఉడుము మళ్ళీ సెడాన్ వైపే మొగ్గింది. ఎగరకుండా ఎక్కొచ్చట.

ఇదంతా విని సూరమ్మ మొగుడు కంపన్న నవ్వాడు.

"ఇంతకీ తోలేది నువ్వా, నెమలా?"

"వెనక సీటు మెత్తగా ఉంటే గౌరి వదినకు సుఖం. నాదేముంది, ఎలాగో సర్దుకుంటాను," అంది సూరమ్మ.

ఏదుపందుల్లో ఒక మర్యాద ఉంది. పరాయి చోటికి వెళ్తే ముళ్ళు ఒంటికి అంటించుకుని కూర్చోవాలి. భల్లయ్య దుకాణంలోనూ సూరమ్మ అలాగే ముడుచుకుని సెడాన్‌లో కూర్చుంది. వీపుకూ బండి కప్పుకూ మధ్య అరచెయ్యంత సందు కనబడింది. నా కొలతకే చేశారు అనుకుని మురిసిపోయింది. ఆ పూటే కొనేసింది.

మొదట్లో అంతా బాగానే ఉంది. బండి చెరువులో పడవలా సాగేది. ఊయలలో ఊగినట్టుందని ఎక్కినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం గౌరికి నొప్పులు మొదలయ్యాయి. సూరమ్మ ఆమెను మెత్తటి సీటులో పడుకోబెట్టి బయల్దేరింది. వాగులో దిగగానే బండి అడుగు ఒక రాయికి గీసుకుని కర్రుమంది. సూరమ్మ ఉలిక్కిపడింది. ఏదుపంది ఉలిక్కిపడితే ఏమవుతుంది? ముళ్ళన్నీ నిక్కబొడుచుకుంటాయి. అవి నిక్కబొడుచుకుని టకటకా కప్పులో దిగబడ్డాయి.

ఇక మెడ తిరగదు. కాలు ముందుకు చాపుదామంటే ఒళ్ళు కదలదు. భయపడేకొద్దీ ముళ్ళు ఇంకా లోపలికి దిగాయి. బండి వాగు మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందే సూరమ్మా?" అని మూలుగుతూ అడిగింది గౌరి.

"కప్పుకు అతుక్కుపోయాను వదినా."

గౌరి మెల్లగా లేచింది. తలుపు తోసుకుని నీళ్ళలోకి దిగింది. నాలుగడుగులు వేయడం, ఆగి పళ్ళు బిగబట్టడం, మళ్ళీ నడవడం. సూరమ్మ అద్దంలోంచి అదంతా చూస్తూ ఉండిపోయింది. అంతకంటే ఏమీ చేయలేకపోయింది.

ఎంతకీ తిరిగి రాలేదని వెతుక్కుంటూ కంపన్న వచ్చి ఒక్కొక్క ముల్లూ ఊడదీసి ఆమెను బయటికి లాగేసరికి కబురు వచ్చింది. అవతలి గట్టు మీద, బురదలోనే కాన్పు అయిపోయింది. పిల్ల క్షేమమే. గౌరి మాత్రం జ్వరంతో చాన్నాళ్ళు లేవలేకపోయింది.

సూరమ్మ చూడటానికి వెళ్ళి తల దించుకుంది. నీ సుఖం కోసమే ఆ బండి కొన్నానని చెప్పింది.

"సీటు మెత్తగానే ఉందే, కాదనను," అంది గౌరి. "కానీ నువ్వు తోలగలిగితేనే కదా నేను చేరేది."

సూరమ్మ చిల్లులు పడ్డ సెడాన్‌ను భల్లయ్యకు తిరిగిచ్చేసింది. క్రాసోవర్ కావాలంటే దానికి తోడు ఆమె దాచుకున్న దుంపలన్నీ ఇవ్వాలన్నాడు భల్లయ్య. సరేనని సూరమ్మ వెళ్ళి క్రాసోవర్‌లో కూర్చుంది. అలవాటుగా ముళ్ళు ముడుచుకోబోయి ఆగింది.

"అన్నా, నా మీద ఒక్కసారి గట్టిగా అరిచి చూడు."

భల్లయ్య తెల్లబోయాడు. "కొనడానికి వచ్చినవాళ్ళ మీద అరిస్తే నా దుకాణానికి ఎవరొస్తారమ్మా?"

"అరవకపోతే నేను కొనను."

భల్లయ్య గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచాడు. చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. సూరమ్మ ముళ్ళన్నీ నిటారుగా నిలబడ్డాయి. ఒక్కటి కూడా కప్పుకు తగల్లేదు.

"ఇది ఇచ్చెయ్యి," అంది సూరమ్మ.

నీతి: ఏది కొన్నా, నెమ్మదిగా ఉన్నప్పటి మన కొలత కాదు, కంగారు పడ్డప్పటి మన కొలత చూసుకోవాలి.