పేరు తీసేసిన మాట

ఏం అడిగినా మా ఆచార్యులు భీమశంకరం గారు వెంటనే జవాబు చెప్పరు. "ఏదీ, ఇటివ్వు" అని మన చేతిలో కాగితం లాక్కుంటారు. ఆయన దగ్గర పరిశోధన చేసిన నాలుగేళ్ళూ ఆ మాట వింటే నాకు గుండెల్లో రాయి పడేది.

నా తోటి విద్యార్థిని మృదుల, ఇంటర్నెట్‌లో ఆప్షన్లంటూ షేర్ల జూదమాడేవాళ్ళ మీద పరిశోధన చేసేది. వాళ్ళది వింత గ్రూపు. అసలు పేర్లుండవు. డబ్బు పోగొట్టుకున్నవాడు "గుండైంది" అని రాస్తాడు, వెంటనే వందమంది "గోవిందా!" అని రాసి ఓదారుస్తారు. రెండేళ్ళపాటు ఆ గోవిందలన్నీ చదివి, మంచి అధ్యాయమే రాసింది. గురువుగారు సంతకం పెడితే శుక్రవారం ఇచ్చెయ్యాలి.

"ఎవరైనా చూడగలిగే గ్రూపే కదా సార్. మారుపేర్లు కూడా తీసేశాను. ఇంక వాళ్ళ మాటలు రాసుకోడానికి వాళ్ళని అడగడమెందుకు?" అంది.

"ఏదీ, ఇటివ్వు."

ఆయన అందులోంచి ఒక మాట ఎంచుకుని ఉన్నదున్నట్టు కంప్యూటర్లో కొట్టి వెతికారు. "పాప స్కూలు ఫీజు కూడా గుండైంది. మా ఆవిడకింకా తెలీదు." రాసినవాడి మారుపేరు ఇట్టే దొరికింది. అదే మారుపేరుతో ఫోన్ల రిపేరు నేర్పే వీడియోలున్నాయి. ఒక వీడియోలో తణుకులో అతని కొట్టు బోర్డూ, దాని మీద ఫోను నంబరూ. పట్టుమని పది నిమిషాలు కాలేదు. మృదుల ముఖం పాలిపోయింది.

గురువుగారు ఆ నంబరుకే ఫోను చేసి స్పీకరు పెట్టారు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు మండింది. పెద్దాయనకి ఇదేం పని అనుకున్నాను.

అవతల ఆడగొంతు పలికింది. "ఆయన భోంచేస్తున్నారండీ. నేను వాళ్ళావిణ్ణి. చెప్పండి."

"ఫోను గ్లాసు పగిలిందమ్మా. విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను." అది అబద్ధం కాదు, పగిలి ఆర్నెల్లయింది.

"అయ్యో రామ! అంత దూరం నుంచి మా కొట్టుకా?" ఆవిడ పకపకా నవ్వింది. "ఆయన పనితనం అలాంటిది లెండి. ఇంతకీ ఆయనతో ఏం చెప్పమంటారు?"

గురువుగారు ఫోను మృదుల చేతికిచ్చారు.

ఒక్క మాట జారితే ఆ ఇంట్లో అన్నం ముద్ద దిగదు. మృదుల, "ఏం లేదక్కా, మళ్ళీ చేస్తాం. మీరూ భోంచెయ్యండి" అంది. ఆవిడ "అలాగేనమ్మా" అని హాయిగా పెట్టేసింది. మాకు ప్రాణం లేచొచ్చింది.

మృదుల కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, "ఇప్పుడిక్కడ ఏం రాయమంటారు సార్?" అంది.

"నన్నెందుకడుగుతావు? ఆయన భోజనం కానియ్" అన్నారు గురువుగారు. "ఆయన్నే అడుగు."