వట్టి పేరుతో వచ్చినవాళ్ళు

ఆదోని దగ్గరి ఆ మఠంలో పేదపిల్లలకు ఉచిత హాస్టలుంది. ఈ ఏడు దరఖాస్తులు ఫోన్లోనే తీసుకోవాలని శిష్యుడు నాగలింగం ఒక వెబ్ అప్లికేషన్ తయారుచేసి క్లౌడ్‌లో పెట్టాడు. మఠం పేరుకు ముందు మూడు డబ్ల్యూలు కొడితే అది చక్కగా తెరుచుకుంటుంది. వట్టి పేరు కొడితే ఏమీ రాదు.

జనం వట్టి పేరే కొడుతున్నారు. గడువేమో రేపటితో సరి. మగ్గం నేసే ఈరన్న ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చి, "హాస్టలు మూసేసినారా సామీ? మా పాప చదువు ఆగినట్టేనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అతనంటే వచ్చాడు. రాలేనివాళ్ళ మాటేమిటి?

నాగలింగానికి చిర్రెత్తుకొచ్చింది.

"కరపత్రంలో మూడు డబ్ల్యూలతోనే అచ్చేసినాం కదయ్యా, చూసి కొట్టకపోతే నేనేం చేసేది?" అని గురువు చెన్నవీరయ్యగారి దగ్గర వాదించాడు. "వట్టి పేరుకు ఇంటినంబరు మాదిరి కదలని కంప్యూటరు నంబరు చూపించాల. క్లౌడ్‌లో నంబరు మారిపోతుంటాది. అప్లికేషన్ను ఆ పేరు మీద గూడా నిలబెట్టాలంటే నెలనెలా డబ్బు కట్టాల."

గురువు లేచి, "దాసోహం వేళయింది, రా" అన్నారు.

దాసోహమంటే వచ్చినవాళ్ళందరికీ మధ్యాహ్నం అన్నం. వంటిల్లు వెనకవీధికి మారాక పాతవాకిలికి తాళం పడింది. అయినా అలవాటుకొద్దీ జనం అక్కడికే వస్తారు. తలుపు మీద, వంటిల్లు మారిందని నాగలింగం అంటించిన నోటీసుంది. దాని కిందే అరుగు మీద అతన్ని కూచోబెట్టి, "వచ్చినోళ్ళకు దోవ చెప్పు" అని గురువు వెళ్ళిపోయారు.

నాగలింగం గొణుక్కుంటూనే కూచున్నాడు.

"వెనకవీధికి పోమ్మా."

"అట్ల తిరుగు తాతా, ఎర్రతలుపు."

అందరూ తలూపి అటే నడిచారు. నోటీసు వంక ఒక్కరూ చూడలేదు.

పంక్తి ముగిశాక గురువు వచ్చారు.

"ఈడ నువ్వు అన్నం వండినావా?"

"లేదయ్యా."

"ఎవరన్నా ఆకలితో మళ్ళిపోయినారా?"

"లేద..." నాగలింగం మాట మధ్యలోనే లేచి కంప్యూటరు దగ్గరికి పరుగెత్తాడు.

మఠానికి ఆ వెబ్ పేరు అమ్మిన కంపెనీ పేజీలోనే, పేరుతోపాటు ఉచితంగా ఇచ్చిన ఫార్వార్డింగ్ అనే గడి ఉంది. రోజూ చూస్తూనే, అదొక లెక్కా అని దాటేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. సిగ్గేసింది. వట్టి పేరుతో వచ్చినవాళ్ళను మూడు డబ్ల్యూల పేరుకు పంపమని అందులో రాసి సేవ్ చేశాడు.

సాయంత్రం, ఇంకా మఠంలోనే ఉన్న ఈరన్నను పిలిచి, "నీ ఫోన్లో కొట్టన్నా" అన్నాడు. ఈరన్న వట్టి పేరే కొట్టాడు. దరఖాస్తు తెరుచుకుంది.

నాగలింగం పాతవాకిలి దగ్గరికి వెళ్ళి నోటీసు చింపేశాడు. మర్నాటి దాసోహానికి వచ్చేవాళ్ళకు కూచుని దోవ చెప్పడానికి అరుగు తుడుచుకున్నాడు.