చల్లారిన అన్నం

ఒకానొక రాజ్యంలో, యుద్ధాలన్నీ తాతగారితోనే పోయి బిరుదులు మాత్రం మనవడికి మిగిలిన రోజుల్లో, వీరకేసరి అనే రాజు ఉండేవాడు. ఆయన కత్తి దూసి ఎరగడు. అయినా పెరట్లోకి వెళ్లాలన్నా ముందు నగారాలు మోగాల్సిందే.

ఒకసారి ఆయన సరిహద్దులో ఉన్న రేగడిపాడుకు ఏనుగు మీద బయలుదేరాడు. హారతులు పడతారని ఆశపడ్డాడు. కానీ నగారా వినపడగానే ఊళ్లో తలుపులన్నీ మూసుకున్నాయి. ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని జొన్నచేలలోకి పరుగెత్తారు. రాజుగారి వెనక గుర్రం మీద వెళ్లిన విదూషకుడు కొండుభట్టుకు అన్నాలు మాడుతున్న వాసన తగిలింది. పాపం, పొయ్యి మీద కుండ దించే వ్యవధి కూడా లేకపోయింది వాళ్లకు.

ఊరి పెద్ద బసివిరెడ్డిని సభకు పట్టుకొచ్చారు.

"ఏమయ్యా, మమ్మల్ని చూసి తలుపులు మూస్తారా?" అన్నాడు రాజు.

"తమర్ని చూసే దాకా ఎక్కడాగాం మహారాజా? తమ తాతగారి కాలంలో శత్రువులు నగారాలు కొట్టుకుంటూ వచ్చి మా ఊరు తగలబెట్టారు. అప్పట్నుంచి మాకు పెళ్లిళ్లలో కూడా సన్నాయే గానీ డోలు ఉండదు. ఆ చప్పుడు వింటే కాళ్లు వాటంతటవే చేలోకి పోతాయి."

"ఆ యుద్ధం చూసినవాడు మీ ఊళ్లో ఒక్కడైనా బతికున్నాడా?"

"లేడు మహారాజా."

"మరింకెక్కడి భయం? ఇది పొగరు. ఊళ్లో తలుపులన్నీ ఊడబీకించండి. అప్పుడెలా మూస్తారో చూస్తాను."

బసివిరెడ్డి చేతులు జోడించాడు. చలి రోజులు దగ్గరపడుతున్నాయి. ఊరి పక్కనే అడవి. చిరుతలు తిరిగే చోట తలుపుల్లేని ఇళ్లలో పసిపిల్లల్ని ఎలా పడుకోబెడతారు?

ఎదురు చెబితే రాజుకు పంతం పెరుగుతుందని కొండుభట్టుకు తెలుసు. అందుకని వంతపాడాడు. "భేషైన ఆజ్ఞ ప్రభూ. కానీ ఒక్క ఊరితో ఆపడం దేనికి? ఆ పాత యుద్ధానికి జడిసే అలవాటు రాజ్యంలో ఎక్కడున్నా తీసేయిద్దాం. రేపు మధ్యాహ్నం మొదలుపెడతాను. తలుపుల సంగతి ఆ వెంటనే చూడవచ్చు."

"కానివ్వు," అన్నాడు రాజు.

ఇక్కడ రాజుగారి భోజనం సంగతి కాస్త చెప్పాలి. అన్నమంటే నెయ్యి వేయగానే కరగాలి. గంజి తాగే ఇంట్లో కూడా గంజి వేడిగానే ఉంటుంది. రాజుగారికి మాత్రం పుట్టి బుద్ధెరిగాక వేడన్నం లేదు. ప్రతి వంటకాన్నీ ముందు రుచిచూసేవాళ్లు తినాలి, వాళ్లు నిక్షేపంగా ఉన్నారని తేలాలి, అప్పుడే వడ్డన. ఈలోగా నెయ్యి పేరుకుపోయేది. రాజు రోజూ వంటవాణ్ణి తిట్టేవాడు.

మర్నాడు మాత్రం పళ్లెంలో అన్నం పొగలు కక్కుతూ వచ్చింది. ముద్దపప్పు మీద నెయ్యి కాలవలు కట్టింది. రాజు ముఖం వెలిగింది. చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి పళ్లెం అంచు దగ్గర ఆగిపోయింది.

"రుచిచూసేవాళ్లేరయ్యా?" అన్నాడు పక్కనే నిలబడ్డ కొండుభట్టుతో.

"ఇళ్లకు పంపేశాను ప్రభూ. తాతగారి యుద్ధంలో శత్రువులు ఆయనకు విషం పెట్టించబోయారట. అప్పటి ఏర్పాటు అది. ఆ శత్రువూ లేడు, వాడు లంచమిచ్చిన వంటవాడూ లేడు. ఆరగించండి."

రాజు వంటవాడి వైపు చూశాడు. చిన్నప్పుడు తనను భుజాన ఎత్తుకు తిరిగినవాడే. అయినా వేళ్లు మెతుకు తాకలేదు.

"చెయ్యి సాగడం లేదయ్యా భట్టూ," అన్నాడు మెల్లగా.

"రేగడిపాడు వాళ్లకు కాళ్లు ఆగడం లేదు ప్రభూ. తమకు చెయ్యి సాగడం లేదు. ఇది పొగరైతే కాదు కదా?"

రాజు తల దించుకున్నాడు. కొండుభట్టు వడ్డన గిన్నెలోంచి పెద్ద ముద్ద తీసి నోట్లో వేసుకున్నాడు. వెంటనే కళ్లు తేలేసి, బుగ్గలు ఉబ్బించి, ఉన్నచోటనే గెంతసాగాడు.

రాజు అదిరిపడి లేచాడు. "విషమా?"

"వేడి ప్రభూ, వేడి. తమకు అలవాటు లేదు, ఊదుకుని తినండి."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊదుకుంటూ ముద్ద నోట్లో పెట్టాడు. రెండోసారి వడ్డించమన్నాడు. చెయ్యి కడుక్కున్నాక రేగడిపాడు తలుపుల జోలికి ఎవరూ పోవద్దని చెప్పి, తన కంకణం తీసి కొండుభట్టుకు తొడిగాడు.

పంటలు ఇంటికొచ్చాక రాజు మళ్లీ ఆ ఊరు వెళ్లాడు. ఈసారి నగారాలు లేవు, ముందు ఒక్క సన్నాయి మాత్రం నడిచింది. తలుపులు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. బసివిరెడ్డి భార్య వేడివేడి జొన్నసంకటి వడ్డించింది. రుచిచూడబోతున్నట్టు కొండుభట్టు ముందుకు వంగాడు.

"నీది నువ్వు పెట్టించుకోవయ్యా," అని పళ్లెం తనవైపు లాక్కున్నాడు రాజు.