విప్పిన లేసు

అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం అచ్చాయమ్మకి అలవాటు లేదు. నర్సాపురం పక్క ఊళ్ళో ఆమె అరుగు మీద లేసు అల్లడం నేర్చిన ఆడవాళ్ళు నలభైమంది. సందేహం అడిగితే చేతిలో దారం పెట్టేదే గాని, మాట ఖర్చు చేసేది కాదు.

ఆ వేళ ఏజెంటు పాపారావు ఆ అరుగు ముందే ఆటోలోంచి పెద్ద మూట దింపించాడు. సముద్రం అవతల మిషను మీద చేసిన లేసు అది. రెండు నెలలుగా పని లేక కూర్చున్నవాళ్ళకి అతను చెప్పింది ఒకటే. ఇక అల్లనక్కర్లేదు, ముక్కకో చీటీ కుట్టి ఇస్తే చాలు, కూలి పాతదే. కాదంటే ఈ ఊరికి ఆర్డర్లు రావు.

భవాని మనసు ఊగింది. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. ఉండబట్టలేక గురువుని అడిగేసింది.

“అమ్మా, ఈ అల్లిక మాత్రం మనదా? ఎప్పుడో తెల్లదొరసాని ఓడలో తెచ్చి నేర్పిందేగా. ఓడ పెట్టిన కూడు ఓడే ఎత్తుకుపోతుంటే ఎవర్ని తిట్టుకుంటాం?”

అచ్చాయమ్మ మూటలోంచి చీటీల కట్ట తీసింది. తనకి చదువు రాదు గనక చీటీ ఒకటి భవానికిచ్చి చదవమంది. ‘చేతితో అల్లినది’ అని ఉంది.

“ఎవరి చేతితో?” అంది అచ్చాయమ్మ.

పాపారావు నవ్వి, లోకమంతా ఇలాగే నడుస్తోందన్నాడు.

ఆమె భవాని ఒళ్ళోంచి, ఆర్డరు లేకపోయినా అల్లుతున్న బల్లగుడ్డ లాక్కుంది. పది రోజుల పని. చివరి ముడి వెతికి, విప్పి, దారం లాగింది. పూలు వరసగా పరుగెత్తిపోయాయి. తమలపాకు నమిలినంతసేపట్లో గుడ్డ కాస్తా దారపు ఉండయి భవాని ఒళ్ళో పడింది.

తర్వాత మూటలోంచి ఒక ముక్క తీసి, అచ్చాయమ్మ దాన్ని పాపారావు చేతిలో పెట్టి, చేతితో అల్లినదైతే విప్పమంది. అతను లాగాడు. మూల ముడుచుకుపోయింది. గట్టిగా లాగితే పుటుక్కుమని చిరిగి, పోగులు రాలాయి.

“మీ నాన్న ఏజెంటుగా ఉండగా, పువ్వుకి ఒక్క రేకు తక్కువైందని నా గుడ్డ తిప్పికొట్టాడు. ముప్పయ్యేళ్ళుగా మీ గడప తొక్కలేదు నేను. అయినా ఆయనకి కళ్ళున్నాయి.”

పాపారావు మొహం మాడ్చుకుని మూట ఎత్తించాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఆటో వెనకే వెళ్ళారు. వాళ్ళెవరో అచ్చాయమ్మ తల తిప్పి మరీ చూసుకుంది. మిగతావాళ్ళు కదల్లేదు.

రేపేమిటో భవానికి తెలియదు. ఉండ పట్టుకుని, తన ప్రశ్నకి జవాబు రాలేదని మాత్రం అంది.

అచ్చాయమ్మ కొక్కెం సూది ఆమె ముందుకి తోసింది.

“దొరసాని అల్లడం నేర్పి పోయింది. విప్పడం మనమే నేర్చుకున్నాం. ఊఁ, మొదలెట్టు.”