నక్క మాట, నక్క దారి

గోదావరి రెండు పాయలుగా చీలి పారేచోట ఒక లంక ఉంది. అక్కడ పచ్చగడ్డి మోకాలెత్తున పెరుగుతుంది కాబట్టి ఒడ్డు మీది ఊరివాళ్లు వేసవంతా తమ పశువుల్ని అక్కడే వదిలేసేవారు. ఆ ఏడు వానలు ముందే ముంచుకొచ్చాయి. తెల్లవారేసరికి ఏరు ఎర్రబడి, లంక అంచుల్ని కోసుకుంటూ పైకొచ్చేసింది. పడవలు రావడం మానేశాయి. లంకలో మిగిలినవాళ్లంతా నడిమి దిబ్బ మీదికి చేరారు: ముసలి ఎద్దు వీరన్న, పొట్టేలు కోటయ్య, గొర్రెల మంద, ఈమధ్యే ఈనిన మేక పోలి, దాని కాళ్లకు అడ్డం పడుతూ జంట పిల్లలు.

పోలి నోట పెట్టి చూడనిదే ఏ ఆకునీ మంచిదనీ అనదు, చెడ్డదనీ అనదు. అంత నిదానస్తురాలికి కూడా ఆ పొద్దున పిల్లల వంక చూసినప్పుడల్లా దిగులు పుట్టింది.

వీరన్న, కోటయ్య మాత్రం వాదులాటలో మునిగిపోయి ఉన్నారు.

"ఈ దిబ్బ గంగమ్మ ఒడి. తల్లి తన ఒడిని తనే ముంచుతుందా?" అన్నాడు వీరన్న.

"ఒడీ లేదు, మడీ లేదు. అడుగున బండరాయి ఉంది. అందుకే మునగదు," అన్నాడు కోటయ్య.

"నాస్తికుడా!"

"మూఢుడా!"

ఇద్దరూ కొమ్ములు దించారు. పోలి మధ్యలో దూరింది.

"తాతా, నీ మాటే నిజమైతే ఇప్పుడేం చేస్తావు?"

"ఇక్కడే కూర్చుంటాను."

"మామా, నీ మాటే నిజమైతే?"

"నేనూ ఇక్కడే కూర్చుంటాను."

"ఎవరు గెలిచినా చేసే పని ఒకటే. మరెందుకీ కొట్లాట? దిబ్బ మునుగుతుందా లేదా, అది తేల్చండి. అది తేలితే మనం కదలాలో వద్దో తెలుస్తుంది. పొద్దున కనబడిన తుంగ దుబ్బులు ఇప్పుడు కనబడుతున్నాయా?"

ఇద్దరూ మెడలు తిప్పి చూశారు. తుంగ జాడే లేదు. ఆ చోట నీళ్లు సుడి తిరుగుతున్నాయి.

అంతలో రెల్లుపొదల్లోంచి నక్క జగ్గయ్య వచ్చాడు.

"ఎందుకమ్మా ఆ దిగులు మొహాలు! నేను పుట్టి బుద్ధెరిగాక ఈ దిబ్బ మునగలేదు. కాకపోతే ఇంతమందికి ఇక్కడ మేతేదీ? పెద్దవాళ్లు తూర్పు పాయ ఈదుకుంటూ ఊరికి పొండి. ఆ వడికి పిల్లలు ఆగవు. వాటిని నా దగ్గర వదలండి. నా బిడ్డల్లా చూసుకుంటాను."

"ఎంత మంచివాడు!" అని గొర్రెలన్నీ ఒక్కసారే అరిచాయి.

పోలి మాత్రం జగ్గయ్యని పైనుంచి కిందికి చూసింది. పొట్ట తడిసి ఉంది, వీపు పొడిగా ఉంది. ఈదినవాడి వీపు పొడిగా ఉండదు. అంటే ఎక్కడో నడిచి దాటేచోటు ఉంది. రోజూ రెల్లులో గంతులేసే నక్కపిల్లలు కూడా కనబడలేదు. దిబ్బ మునగదని నిజంగా నమ్మినవాడు పిల్లల్ని తరలిస్తాడా? నోరు ఒకటి చెబుతోంది, కాళ్లు ఇంకొకటి చేశాయి. అడిగితే దారి చెప్పే రకం కాదు. కాబట్టి వాణ్ణే ఆ దారిన నడిపించాలి.

"నీ మాట మీద నాకు గురి కుదిరింది జగ్గన్నా," అంది పోలి. "నీ పిల్లలేవీ?"

జగ్గయ్య తడబడ్డాడు. "అవి... పడమటి ఒడ్డున మేనమామ ఇంటికెళ్లాయి."

"ఇంత భద్రమైన దిబ్బ ఉండగా ఒకళ్ల ఇంట్లో ఎందుకన్నా? తెచ్చి మా పిల్లల పక్కన పడుకోబెట్టు. ఒక్కదాన్ని తెచ్చి చూపించు చాలు, మరుక్షణం మేమంతా తూర్పు పాయలో దూకుతాం."

జగ్గయ్య లేత మేకపిల్లల్ని చూశాడు. నోట నీరూరింది. తన పిల్లల్లో ఒకదాన్ని కరుచుకు రావడానికి ఎంతసేపు!

"ఇప్పుడే వస్తా," అని రెల్లులోకి పరిగెత్తాడు.

"లేవండి! వాడి వెనకే!" అంది పోలి.

"వాడు అబద్ధాలకోరని నీకు తెలిసిపోయినట్టుందే. మళ్లీ వాడి వెనక పోదామంటావేం?" అన్నాడు కోటయ్య.

"వాడి మాటల వెనక కాదు మామా, కాళ్ల వెనక!"

రెల్లు దాటగానే కనబడింది. పడమటి పాయలో జగ్గయ్య పొట్టలోతు నీళ్లలో వంకరగా నడిచి పోతున్నాడు. అడుగున ఇసుకమేట ఉందన్నమాట. మేకపిల్లలు వీరన్న వీపెక్కాయి. వీరన్న ముందు, మంద వెనక నీళ్లలో దిగారు.

పాయ నడుమ వీరన్న ముందుకాలు దిగబడింది. వీపు మీది పిల్ల జారింది. పోలి ఒక్క దూకులో పిల్ల చెవి కరిచి పట్టుకుని మళ్లీ పైకెక్కించింది.

"ఇందాక నక్క ఇక్కడే నడిచాడే!" అన్నాడు వీరన్న రొప్పుతూ.

"ఇందాక ఇది దారే తాతా. ఇప్పుడు ఇసుక కోసుకుపోయింది. దిగువకి అడుగేసి చూడు."

వీరన్న వేసి చూశాడు. ఇంకా లోతు.

"నేనే పొరబడ్డాను. ఎగువకి వెయ్యి!" అంది పోలి.

ఎగువన డెక్కకి గట్టినేల తగిలింది. వీరన్న గట్టిగా రంకె వేశాడు. ఆ రంకె వెంటే మందంతా ఒకరి తోక ఒకరు ఒరుసుకుంటూ కదిలింది. ఒక్క పిల్లయినా తప్పిపోకుండా అందరూ ఒడ్డెక్కారు. వెనక్కి తిరిగి చూస్తే దిబ్బ మీద గడ్డికొసలు మాత్రమే నీళ్లపైన ఊగుతున్నాయి. గొర్రెలు ఒళ్లు విదిల్చుకుని, గాలి దద్దరిల్లేలా అరిచాయి. పోలి పిల్లలు అప్పుడే పాలకి ఎగబడ్డాయి.

సరిగ్గా అప్పుడు జగ్గయ్య నోట తన పిల్లని కరుచుకుని గట్టు దిగి వస్తున్నాడు. ఎదురుగా మందని చూసి నోరు తెరిచాడు. పిల్ల కిందపడి కలుగులోకి పారిపోయింది.

"దా... దారి మీకెవరు చెప్పారు?"

"నువ్వే అన్నా," అంది పోలి. "నోటితో చెప్పలేదంతే."

కోటయ్య కొమ్ములు దించాడు. ఈసారి ఆపడానికి పోలి మధ్యలో దూరలేదు. జగ్గయ్య ముళ్లపొదలో పడి, మళ్లీ ఆ మంద చుట్టుపక్కల కనబడలేదు.

నీతి: ఒక మాట ఎంత నిజమో తెలియాలంటే, చెప్పినవాడు దాన్ని నమ్మి ఏం చేస్తున్నాడో చూడాలి, మనం దాన్ని నమ్మి అడుగేస్తే కాలు ఎక్కడ ఆనుతుందో చూడాలి.