మిల్లరుకు నోరొక్కటే

విశాఖపట్నం మధురవాడలో, కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఒక కంపెనీలో భానుమూర్తి అనే ఇంజనీరు ఉండేవాడు; మహా తెలివైనవాడే గానీ, ఏ కష్టమొచ్చినా "ఇంకొన్ని పెట్టండి" అనడం తప్ప అతనికి వేరే మందు తెలియదు. చుట్టాలొచ్చినప్పుడు టీ ఆలస్యమవుతోందని ఒకేసారి మూడు స్టవ్వులు కొనుక్కొచ్చాడు. ఇంట్లో టీ గిన్నె ఒక్కటేనని వాళ్లావిడ చెప్పబోతే, అబ్బే, వింటేనా!

ఆ రోజుల్లో అతని చేతిలో ఒక మంచి పని ఉండేది. పల్లెల్లో కంటి శిబిరాలకు తీసుకెళ్లే చిన్న యంత్రానికి అతను చిప్ తయారుచేస్తున్నాడు. కంటి ఫొటో తీస్తే జబ్బు ఉందో లేదో ఆ యంత్రం చెప్పాలి. అలా చెప్పాలంటే అడ్డవరసల్లో, నిలువువరసల్లో పేర్చిన అంకెల్ని, అదేనండీ, మనం బళ్లో మాత్రికలని చదువుకున్నామే, వాటిని చిప్ కోట్లసార్లు గుణించాలి. భానుమూర్తి చిప్‌కు ఒక్క ఫొటోకే నిమిషం పట్టేది. వందలమంది ముసలివాళ్లు ఎండలో వరస కట్టి ఉంటే నిమిషమంటే మాటలా? "నెలాఖరుకల్లా ఐదు సెకన్లకు తీసుకురండి. లేకపోతే ఈ పని మూసేస్తాం" అని పైవాళ్లు చెప్పేశారు.

భానుమూర్తి ఏం చేస్తాడు? చిప్‌లో గుణకారాలు చేసే యూనిట్లు వెయ్యి ఉంటే రెండు వేలు చేశాడు. కంప్యూటర్‌లో పరీక్షించి చూస్తే వేగం వీసమెత్తు పెరగలేదు. కరెంటు మాత్రం తెగ తాగింది.

ఆ జట్టులో అందరికన్నా కొత్తగా చేరిన అమ్మాయి హైమ. "సార్, యూనిట్లలో నూటికి తొంభై ఏడు ఖాళీగా కూర్చుంటున్నాయి. అన్నీ ఒక్కసారే అంకెల కోసం, అవి దాచి ఉండే మెమరీ మీద పడుతున్నాయి. దేనికీ సరిగ్గా అందడం లేదు" అంటూ బోర్డు మీద ఏదో బొమ్మ గీసింది.

"ఖాళీగా ఉంటే ఇంకో వెయ్యి పెడదాం" అన్నాడు భానుమూర్తి. బొమ్మ వంక చూడనైనా చూడకుండా తుడిచేసి, అక్కడ 'మూడు వేలు' అని రాశాడు. పాపం, హైమ తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

మర్నాడు పక్కన కడుతున్న మేడకు స్లాబు వేస్తున్నారు. కాంక్రీటు కలిపే మిల్లరు గోలకు భానుమూర్తి తల దిమ్మెక్కిపోయింది. తగువు పెట్టుకుందామని విసవిసా వెళ్లాడు. తీరా చూస్తే అక్కడ తట్టలు పైకి చేర్చే లిఫ్టు చెడిపోయింది. మిల్లరు దగ్గర్నుంచి మెట్ల మీదుగా రెండో అంతస్తు దాకా ముప్ఫైమంది నిలబడి, తట్ట వెంట తట్ట అందించుకుంటున్నారు. పనివాళ్ల పెద్ద సన్యాసమ్మ కింద నిలబడి అరుస్తోంది.

వచ్చిన పని మరిచిపోయి, భానుమూర్తి సలహా పారేశాడు. "ఏమ్మా, వీళ్లంతా నిలబడిపోయారేం? ఎవరి తట్ట వాళ్లు పట్టుకెళ్లమను. ఇంకో పదిమందిని పెట్టు, గబగబా అయిపోతుంది!"

సన్యాసమ్మ పకపకా నవ్వింది. "పదిమంది ఎందుకు బాబూ, వందమందిని తే! మిల్లరుకు నోరొక్కటే గదా. అందరూ దాని కాడే గుంపుగా నిలబడి తన్నుకుంటారు. నిలబడ్డోడి సేతికి తట్ట రావాల, ఆ సేతిలోంచి పక్కోడికి పోవాల. నమ్మకపోతే నువ్వే వచ్చి నిలబడు!"

అందరూ నవ్వేసరికి పౌరుషం వచ్చి, చొక్కా చేతులు మడుచుకుని వరసలో దూరాడు. తట్ట వచ్చింది, పక్కకి ఇచ్చాడు. ఇంకోటి వచ్చింది, ఇచ్చాడు. అడుగు కదలలేదు, చేతులు మాత్రం ఒక్క క్షణం ఖాళీగా లేవు. ఏడో తట్ట పట్టుకుని ఉన్నట్టుండి కొయ్యబారిపోయాడు.

"ఓయ్ బాబూ, తట్టాపకు!" అని ముప్ఫైమందీ ఒక్క గొంతుతో కేకేశారు.

తట్ట పక్కవాడి చేతిలో పెట్టేసి, ఒళ్లంతా సిమెంటుతో ఆఫీసుకి పరుగెత్తాడు. "హైమా! నిన్న నువ్వు గీసిన బొమ్మ ఏమిటి? అంకెల్ని ఒక యూనిట్ పక్కదానికి అందించడమేనా?"

"అవును సార్" అంది హైమ బిక్కుబిక్కుమంటూ. "మెమరీ నుంచి ఒక్కసారి తెచ్చిన అంకెతో ఒక యూనిట్ తన లెక్క చేసుకుని, దాన్నే పక్కదానికి ఇస్తుంది. మళ్లీ మెమరీ దాకా వెళ్లక్కర్లేదు."

"చూడకుండా తుడిచేశాను. తప్పు నాదేనమ్మా. మళ్లీ గీయి, ఈసారి కూర్చుని వింటాను" అన్నాడు. అన్నట్టే బుద్ధిగా కూర్చుని విన్నాడు కూడా!

రెండు వారాలు జట్టంతా హైమ బొమ్మ మీదే పనిచేసింది. యూనిట్లు వెయ్యే ఉంచారు. నెలాఖరున పైవాళ్ల ఎదుట పరీక్ష పెడితే నాలుగు సెకన్లలో జవాబు వచ్చింది. గది చప్పట్లతో మారుమోగింది. "ఈ బొమ్మ హైమది" అని భానుమూర్తి అందరికీ వినపడేలా చెప్పాడు. ఆ పిల్లకు ఆనందంతో కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ సాయంత్రం మాడుగుల హల్వా పట్టుకుని జట్టంతా పక్క మేడకు వెళ్లింది. "ఏటి బాబూ, ఇంకో పదిమందిని పెట్టమంటావా?" అని సన్యాసమ్మ ఏడిపించింది.

"వద్దు తల్లీ, ఉన్నవాళ్లకి ముందు హల్వా అందనీ!" అన్నాడు భానుమూర్తి. పొట్లం విప్పి తను ముట్టుకోకుండా పక్కనున్న హైమ చేతికిచ్చాడు. అది చేతులు మారుతూ రెండో అంతస్తు దాకా వెళ్లింది.

కొత్త చేతులు పోగేసే ముందు, ఉన్న చేతులకు పని అందుతోందో లేదో చూసుకోవాలి. అది తెలియాలంటే ఆ చేతులవాళ్లు చెప్పే మాట చెవిన పెట్టాలి.