పేరంటాలు పంచిన సారె

వరిచేలకు నీళ్లు పెట్టారంటే పందికొక్కులకు పెద్దగట్టును మించిన చోటు లేదు. గట్టుకు ఒక పక్క మెరక చేను, దాన్నిండా నీళ్లు. ఇంకో పక్క పల్లపు చేను, దాని వెంట నీళ్లు పారే పంటబోదె. ఆ గట్టులో కలుగు తవ్వుకుని పేరంటాలు అనే పందికొక్కు పిల్లలతో కాపురం ఉంటోంది.

పందికొక్కుల ఇళ్లకు తాతల నాటి పద్ధతి ఒకటుంది. వీధివాకిలి ఎంత దర్జాగా పెట్టుకున్నా సరే, వెనక పెరటిదారి ఒకటి ఉండి తీరాలి. దాని మూతికి పల్చగా మట్టి కప్పి ఉంచుతారు. ఆపదొస్తే తలతో ఒక్క పోటు పొడిచి అవతల పడొచ్చు. అందుకే ఆ దారిలో ఒక్క గింజ కూడా పెట్టకూడదంటారు. జోగినాథం అనే నక్క ఎన్నిసార్లు వీధివాకిలి తవ్వినా పేరంటాలు పెరటిదారిన బోదెగట్టుకు చేరి మీసాలు దువ్వుకునేది. వాడు మట్టి దులుపుకుని ఉత్త నోటితో ఇంటికి పోయేవాడు.

అది పాత మాట. కిందటేడు తుఫాను వచ్చింది. పేరంటాలు పుట్టిల్లు నీళ్లలో కలిసిపోయింది. తన గాదెలో గింజలన్నీ నాని కుళ్లిపోయాయి. చంటిపిల్ల ఒకటి ఆకలితో ఆమె ఒళ్లోనే కన్నుమూసింది. అలాంటి తల్లిని ఏమనగలం చెప్పండి? ఆ తర్వాత ఆమె కంటపడ్డ వస్తువు ఏదీ బయట మిగల్లేదు. కొబ్బరిచిప్ప, తెగిన తాడు, మూతలేని డబ్బా, ఎండిన తాటాకు, ఏదైనా సరే ఈడ్చుకొచ్చి లోపల పెట్టేది. తుఫానులో బూజుపట్టిన గింజల్ని కూడా పారేయలేదు. "ఉంచితే ఎప్పుడో పనికొస్తుంది" అనేది. ఆ "ఎప్పుడో" మాత్రం ఏ పూటా ఆ గడప తొక్కలేదు. మనలో ఎవరింట్లో లేదు లెండి అలాంటి మూల!

ఒక ఉదయం వీధివాకిలి దగ్గర మెత్తటి గొంతు వినిపించింది.

"చెల్లెమ్మా! పేరంటాలూ!"

 పేరంటాలు పిల్లల్ని వెనక్కి నెట్టి, "ఎవరది?" అంది.

"నేనేనమ్మా, జోగినాథాన్ని. భయపడకు. కార్తీకం నుంచి నీచు ముట్టడం మానేశాను."

"నువ్వా? నీచు మానేశావా? చెవిలో పువ్వు పెట్టుకున్నదాన్ని చూసుకుని చెప్పు, నమ్ముతుంది."

"నమ్మొద్దులే. బయటికి రమ్మని అడిగానా? తుఫానులో నీ పుట్టిల్లు పోయిందని విన్నాను. నా తోడబుట్టినదీ అందులోనే పోయింది. పుట్టిల్లు లేని ఆడపిల్లకు సారె ఎవరు పెడతారు? ఇదుగో, గుమ్మం ముందు పెట్టి వెళుతున్నా. అన్నయ్య పెట్టాడనుకో."

అడుగుల చప్పుడు దూరమైంది. చాలాసేపు ఆగి, ముక్కు మాత్రం బయటపెట్టి చూసింది పేరంటాలు. నక్క జాడ లేదు. గుమ్మం ముందు తాటాకు బుట్ట, అందులో వేరుశనక్కాయలు, చెరుకుముక్కలు, పాత దుప్పటి చింకి ఉన్నాయి. ఆ చింకిని ఒళ్లో పెట్టుకుని పేరంటాలు ఏడ్చింది. తల్లి పోయిన తర్వాత ఆమెకు సారె అన్న మాటే ఎవరి నోటా వినపడలేదు మరి.

అప్పటినుంచి జోగినాథం రావడం మొదలుపెట్టాడు. ఒకనాడు గంప మూత, ఒకనాడు పగిలిన కుండ, ఒకనాడు కొబ్బరిపీచు కట్ట. పెట్టేవాడు, పలకరించేవాడు, వెళ్లిపోయేవాడు. వాడు వెళ్లాకే ఈమె బయటికి వచ్చేది. "నేనేం అంత అమాయకురాలినా? వాడున్నప్పుడు గడప దాటను" అని తనకు తానే మెచ్చుకునేది.

"నిన్న తెచ్చిన కుండ ఎక్కడ పెట్టావు చెల్లెమ్మా?" అని అడిగేవాడు నక్క.

"గాదె పక్కన పెట్టానన్నయ్యా. ఇంక చోటు లేదు."

"చోటు లేకపోవడమేమిటి, అంత ఇల్లుండగా! ఆ వెనకవైపు ఖాళీగా ఉంది కదా, అక్కడికి నెట్టు. అన్నయ్య సారె పారేస్తే పుట్టింటికి అరిష్టమమ్మా."

పేరంటాలు ఒక్క క్షణం ఆగింది. పెరటిదారిలో గింజ కూడా పెట్టకూడదని తల్లి చెప్పిన మాట గుర్తొచ్చింది. కానీ అన్నయ్య చెప్పాడాయె. పైగా ఈమధ్య ఆపదన్నదే లేదాయె. కుండను అటు నెట్టింది. కుండ వెనక పీచు, పీచు వెనక గంప మూత చేరాయి.

బోదె అవతల గడ్డిలో సింహాద్రి అనే కుందేలు ఉండేవాడు. పేరు చూసి జడుసుకోకండి, ఆకు కదిలితే ఆమడ పరిగెత్తే రకం. వాడికి ఇల్లంటూ లేదు. గడ్డిలో ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని పడుకుంటాడు, లేచి వెళితే అది కూడా ఎవరిదో అయిపోతుంది. వాన పడితే తడుస్తాడు, ఆ మాట ఎవరైనా అంటే నవ్వుతాడు. ఒకరోజు మధ్యాహ్నం పేరంటాలును పలకరిద్దామని వచ్చి వీధివాకిట్లోనే ఆగిపోయాడు.

"వదినా, లోపలికి ఎట్లా రమ్మంటావు? గుమ్మంలోనే తాటాకులు కాళ్లకు అడ్డం పడుతున్నాయి."

"కాస్త పక్కకు ఒరిగి రా సింహాద్రీ. అది కొబ్బరిచిప్పల గుట్ట, తగలకు, మీద పడుతుంది."

"పిల్లలేరీ?"

"ఆ గుట్ట వెనక ఉన్నారు. కదలొద్దన్నాను. నిన్న ఒకడి మీద డబ్బా పడింది."

సింహాద్రి చూశాడు. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఒదిగి కూర్చున్నాయి. ఆడుకునే వయసులో ఉన్న పిల్లలు కాలు చాపే చోటు లేక కూర్చుంటే చూడబుద్ధి కాదు. ఆ కుర్ర కుందేలుకు నవ్వు రాలేదు.

"ఇదంతా ఎక్కడిది వదినా?"

పేరంటాలు మొహం వెలిగింది. "మా అన్నయ్య పెట్టిన సారె. జోగినాథం లేడూ, పూర్తిగా మారిపోయాడు. వచ్చినప్పుడల్లా, అది ఎక్కడ పెట్టావమ్మా, ఇది ఎక్కడ పెట్టావమ్మా అని ఎంత ఆపేక్షగా అడుగుతాడో!"

కుందేలు చెవులు రెండూ నిలబడ్డాయి.

"వదినా, నేనొకటి అడుగుతా, కోప్పడకు. చెల్లెలి ఇంటికి వచ్చిన అన్న తిన్నావా, పిల్లలు బాగున్నారా అని అడుగుతాడు. తెచ్చిన కుండ ఎక్కడ పెట్టావని అడుగుతాడా?"

"మరి... జాగ్రత్త కోసం."

"ఎవరి జాగ్రత్త?"

 పేరంటాలు లేచి, గుట్టలు దాటుకుంటూ పెరటిదారి వైపు వెళ్లింది. తల దూర్చబోతే కుండ తగిలింది. కుండ కదిపితే పీచు, పీచు లాగితే గంప మూత. మట్టి కప్పిన మూతి ఎంత దూరంలో ఉందో కూడా తెలియలేదు.  పిల్లల్ని పెట్టుకుని తన చేతులతోనే తన దారిని పూడ్చుకుంది.

"రేపు వస్తానన్నాడు. పిల్లల్ని కళ్లారా చూస్తానన్నాడు" అంది నీరసంగా.

"అయితే ఇవన్నీ బయట పారెయ్."

"పారేయనా? సారె పారేస్తానా? నాకు చేతులు రావు సింహాద్రీ. నీకేం, నువ్వు ఒళ్లు దులుపుకుని పోతావు. నా పిల్ల గింజ లేక పోయింది, నీకు తెలుసా!"

 సింహాద్రి తల వంచుకున్నాడు.  పేరంటాలు మొదటి సారెలో వచ్చిన దుప్పటి చింకిని ఒళ్లోకి తీసుకుంది.

దాన్ని నిమురుతూ అంది:

"మా అమ్మకు పుట్టింటి సారె వచ్చినప్పుడు ఏం చేసేదో తెలుసా? ఒక్కరోజు ఇంట్లో ఉంచేది కాదు. గట్టంతా తిరిగి ఇంటింటికీ పంచేది. మా వాళ్లు పెట్టారమ్మా, తీసుకోండి అనేది. దాచుకుంటే అది సారె కాదట. నేను మరిచేపోయాను చూడు!"

ఇద్దరూ పనికి దిగారు. వీధి వైపు నక్క కన్ను పడుతుందని, పెరటిదారిని లోపలినుంచే విప్పుకుంటూ బోదె వైపుకు తోశారు. కొబ్బరిపీచు చూసి ఉడుత ఎగిరి గంతేసింది, కాన్పు దగ్గర పడింది దానికి. దుప్పటి చింకి గోరింక గూటికి వెళ్లింది. కుండపెంకులు ఎండ్రకాయ అడగక ముందే లాక్కుపోయింది. చిప్పలు చీమలకు, తాటాకులు గడ్డిలోని కంజుపిట్టకు చేరాయి. ఇచ్చినప్పుడల్లా పేరంటాలు అమ్మలాగే అనేది: "మా అన్నయ్య జోగినాథం పెట్టిన సారె అమ్మా, తీసుకోండి." మొదటిది ఇచ్చేటప్పుడు ఒకసారి వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత అంత కష్టమనిపించలేదు.

ఆఖరికి బూజుపట్టిన గింజలు మిగిలాయి. సింహాద్రి మోయబోతే వద్దంది. తనే కొంచెం కొంచెంగా తీసుకెళ్లి బోదెలో వదిలింది. వదిలినంతసేపూ పోయిన పిల్లను తలుచుకుని ఏడ్చింది. ఆ గింజలు ఉన్నన్నాళ్లూ కూడా ఆ పిల్ల తిరిగి రాలేదు కదా అని తనకు తానే చెప్పుకుంది. కోతల దాకా పిల్లలకు సరిపడా మంచి గింజలు మాత్రం గాదెలో ఉంచుకుంది. లోపలికి వచ్చేసరికి పిల్లలు ఇల్లంతా పరిగెడుతున్నాయి. నేల ఇంత విశాలంగా ఉంటుందని వాటికి అంతవరకు తెలియదు.

మర్నాడు పొద్దెక్కాక జోగినాథం వచ్చాడు. ఈసారి బుట్ట లేదు.

"చెల్లెమ్మా! పిల్లల్ని తీసుకుని గుమ్మంలోకి రా."

పేరంటాలు అప్పటికే పిల్లల్ని పెరటిదారిన సింహాద్రి దగ్గరికి పంపేసింది. తను మాత్రం లోపలే ఉంది.

"రాలేకపోతున్నానన్నయ్యా! నీ సారె అంతా అడ్డం పడింది. కదలడానికి లేదు."

నక్క మూతి నాక్కున్నాడు. "కదలొద్దు, నేనే వస్తున్నా" అని తవ్వడం మొదలుపెట్టాడు. అన్నయ్య గొంతులోని మెత్తదనమంతా ఒక్కసారే పోయింది.

"ఎందుకన్నయ్యా తవ్వుతున్నావు?"

"ఇన్నాళ్లు మోసుకొచ్చింది ఎందుకనుకున్నావే పిచ్చిదానా? నీ పెరటిదారి మూయడానికే! కుండలు తెచ్చి, చింకులు తెచ్చి నా వీపు పడిపోయింది."

నమ్మి అన్నయ్యా అని పిలిచిన నోటికి ఆ మాట ఎంత చేదుగా ఉంటుందో పేరంటాలుకే తెలుసు. అయినా గొంతు పెంచింది.

"అయ్యో, నన్ను తింటే తిను గానీ, మెరక వైపు గదిలోకి మాత్రం రాకు! పిల్లలంతా అక్కడే ఉన్నారు!"

ఆ గది గోడకు అవతల ఉన్నది మెరక చేను, దాన్నిండా నీళ్లు. ఆ గోడ తెగితే నీళ్లన్నీ లోపలికే వస్తాయని గట్టులో పుట్టిన పందికొక్కుకు తెలుసు గానీ, కొండగుట్టల్లో తిరిగే నక్కకు తెలియదు. పిల్లలు అనే మాట వినగానే జోగినాథం దారి మార్చి మెరక వైపుకు తవ్వుకుపోయాడు. ఇల్లు పోతుందని పేరంటాలుకు తెలుసు. ఒకసారి గోడల్ని ముక్కుతో తాకి, పెరటిదారిన బయటపడింది. దారిలో ఆమెకు ఏదీ అడ్డం రాలేదు.

నక్క తల గోడకు తగిలింది. ఇంకో నాలుగు గోళ్లు వేశాడో లేదో, గట్టు కడుపులోంచి నీళ్లు ఉరికి వాడి మొహాన కొట్టాయి. బురద, వాడు, వాడి తోక అన్నీ కలిసి పల్లపు చేలో పడ్డాయి. గట్టు తెగిన చప్పుడుకు రైతు పార ఎత్తుకుని కేకలు వేస్తూ వచ్చాడు. జోగినాథం ఏ కాలు ఎటు పడుతుందో చూసుకోకుండా గట్టు వెంట పరిగెత్తాడు.

పారిపోయేవాణ్ణి పోనిచ్చారా గట్టువాళ్లు! కొమ్మ మీంచి గోరింక కేకేసింది, "జోగినాథంగారూ! తమరు పెట్టిన దుప్పటి భలే వెచ్చగా ఉందండీ!" "పీచు ఎంత మెత్తగా ఉందో బాబుగారూ, మీ కడుపు చల్లగుండ!" అంది ఉడుత. ఎండ్రకాయ పెంకు కిందనుంచే రెండు గోళ్లూ ఎత్తి దణ్ణం పెట్టింది.

నక్క ఆగి తలతిప్పి చూశాడు. బోదె అవతల గడ్డిలో పేరంటాలు పిల్లలతో కూర్చుని ఉంది. చుట్టుపక్కల ఒక్క మూట కూడా లేదు.

"నా సారె..." అన్నాడు, నోట్లో బురదతో.

"ఊరంతా పంచేశానన్నయ్యా" అంది పేరంటాలు. "నీకు ఎంత మంచి పేరొచ్చిందో!"

కథ విన్నవాళ్లు పట్టుకెళ్లాల్సిన మాట ఇదే: సామానుకు దారి ఇస్తూ పోతే, చివరికి మనకు దారి మిగలదు.